బీకాం మీద సిమెంటు

మా ఇంటి వాకిలి పక్కన గోడలో ఒక నల్లరాయి ఉంది. దాని మీద మా నాయన పేరు, పేరు తర్వాత ఒక చుక్క, చుక్క తర్వాత బీకాం అని తమిళంలో చెక్కి బంగారు రంగు పూశారు. ఇల్లు ముందువైపు ఎనిమిది అడుగులు, రాయి రెండడుగులు. అంటే మా ఇంటి ముఖంలో పావు వంతు మా నాయన చదువే.

ఇందులో వింతేమీ లేదు. తమిళనాడులో ఉన్న మా గుడియాత్తంలో పేరు ఒంటరిగా బయటికి రాదు. పెళ్లి పత్రికలో, గృహప్రవేశం బ్యానర్లో, చివరికి పోయినవాళ్ళ కోసం గోడలకు అంటించే పోస్టర్లో కూడా పేరు వెనకాల డిగ్రీ ఉండాలి. పోయాక దాన్ని ఎక్కడ చూపిస్తారో నాకు తెలియదు.

నాయన లుంగీల హోల్‌సేల్ కొట్లో పార్సిళ్ళ మీద అడ్రసులు రాస్తాడు. చేతిరాత అచ్చులా ఉంటుంది. వీధిలో ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. బ్యాంకు ఫారమో పింఛను అర్జీయో చేత్తో పట్టుకుని "బీకాం ఉండాడా?" అంటూ వస్తారు. ఆయన అరుగు మీద కూర్చుని, ముందు ఫారం మొత్తం చదివి, ఆ తర్వాతే పెన్ను మూత తీస్తాడు. పక్కన మార్జిన్ వదులుతాడు. డబ్బు తీసుకోడు, కాపీ ఇస్తే తాగుతాడు. బడిలో 'తండ్రి చదువు' అన్న గడి కనిపించినప్పుడల్లా నేనూ పన్నెండేళ్ళు బీకాం అనే రాశాను. ఒక్కోసారి అందమైన అక్షరాలతో రాశాను.

ప్లస్ టూ అయ్యాక వేలూరులో సర్కారు ఇంజనీరింగ్ కాలేజీకి సరిపడా మార్కులు వచ్చాయి. ఫీజు మాట వచ్చేవరకు ఇంట్లో దీన్ని శుభవార్తగానే తీసుకున్నారు. సర్కారు కాలేజీలో ఫీజు తక్కువని అందరూ అంటారు. తక్కువ అనే మాట కట్టనక్కర లేనివాళ్ళ నోట్లో బాగుంటుంది. సర్కారు బడిలో చదివిన పిల్లలకైతే అంతా ఉచితం. నాది సర్కారు సాయంతో నడిచే ప్రైవేటు బడి. సాయం బడితో ఆగిపోయింది, నా దాకా రాలేదు.

ఇక మిగిలింది ఒక్కటే, 'ముదల్ పట్టదారి' సర్టిఫికెట్. ఇంట్లో మొదటి పట్టభద్రులకు ఇచ్చేది. అమ్మానాన్నలు, తాతలు, అవ్వలు, తోబుట్టువులు, వీళ్ళలో ఎవరూ ఇంతకుముందు డిగ్రీ పూర్తి చేయలేదని తాలూకా ఆఫీసు రాసిస్తే ట్యూషన్ ఫీజు సర్కారు చూసుకుంటుంది. హాస్టలు, పుస్తకాలు మేం ఎలాగో తంటాలు పడవచ్చు. ఆ కాగితం లేకపోతే మా వీధి మొదట్లోకి రోజూ ఉదయం ఏడింటికి బూట్ల ఫ్యాక్టరీ వ్యాను వస్తుంది. అందులో నాకు కిటికీ పక్క సీటు కావాలని అమ్మ అప్పటికే ఒక అక్కతో మాట్లాడి పెట్టింది. మా అమ్మ దేనికైనా ముందుచూపున్న మనిషి.

తండ్రి బీకాం అయ్యాక నాకా కాగితం ఎవరిస్తారు? నేను దాన్ని వదిలేసి వ్యాను గురించి ఆలోచిస్తున్నాను. నాయనే ఒక రోజు పొద్దున చొక్కా తొడుక్కుంటూ, "పద పాపా, అర్జీ పెట్టొస్తాం," అన్నాడు.

సర్కారు అర్జీలు కంప్యూటర్లో ఎక్కించే ఈ-సేవై సెంటర్లో కీబోర్డు ముందున్న అమ్మాయి తల ఎత్తకుండా అడిగింది.

"తండ్రి చదువు?"

"ప్లస్ టూ," అన్నాడు నాయన.

నేను నవ్వు ఆపుకోవడానికి ఫ్యాను వైపు చూశాను. నిజం చెప్పాలంటే గర్వంగా అనిపించింది. కొట్టుకు ఐదు నిమిషాలు ఆలస్యమైతే నిజం కారణమే చెప్పే మనిషి, నా కోసం సర్కారుకే టోపీ వేస్తున్నాడు. బయటికి వచ్చాక భుజం తట్టబోయి మానుకున్నాను.

"బాగా చెప్పినావు నాయనా. గొంతు కూడా తడబడలేదే!"

ఆయన రసీదును జేబులో పెట్టుకున్నాడు.

నాలుగు రోజులకు వీఏఓ విచారణకు వచ్చాడు. వీఏఓ అంటే మా పేటలో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో, మధ్యలో ఎవరు ఏం అబద్ధం చెప్పారో తెలిసి ఉండవలసిన సర్కారు ఉద్యోగి. నాయన కొట్లో ఉన్నాడు. అమ్మ కాపీ పెట్టడానికి లోపలికి పరిగెత్తింది. ఆయన కూర్చోలేదు. నల్లరాయి ముందు నిలబడి, కోవెల్లో శాసనం చదివినట్టు నిదానంగా చదివాడు. తర్వాత ఫోన్ తీసి ఫోటో తీసుకున్నాడు. నేను ఫోటోలో పడకుండా పక్కకు జరిగాను. ఎందుకో అది మర్యాద అనిపించింది.

"ఇది మీ నాన్న పేరేనా?" అని తమిళంలో అడిగాడు.

"పేరు వరకు ఆయనదే సార్," అన్నాను.

ఆయన నవ్వేవాడేమో కానీ, ఎదురింట్లో పూలు కట్టి అమ్మే అక్క అప్పుడే బుట్ట దించి, ఎవరూ అడక్కుండానే సాక్ష్యం చెప్పింది.

"బీకాం సార్ ఆయన! మా వీధికంతా ఆయనొక్కడే. నా పింఛను అర్జీ ఆయన రాసిందే, ఒక్క తూరికే వచ్చేసినాది. మంచోళ్ళు సార్, పాపకు సర్టిఫికెట్ ఇచ్చెయ్యండి."

మేలు చేయడానికి అంత గట్టిగా ప్రయత్నించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

రెండు రోజులకు నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. అర్జీ తిరస్కరించారు. కారణం, తండ్రి పట్టభద్రుడు. కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్లు చూపించడానికి ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి. సాయంత్రం నాయన వచ్చాక చూపించాను. ఆ మెసేజ్‌ను కూడా ఆయన ఫారం చదివినట్టే మొదటి నుంచి చివరి వరకు చదివాడు.

"పోనీలే నాయనా," అన్నాను. "దొరికిపోయినాం. సర్కారు కదా, యెన్నాళ్ళని దాస్తాం."

"దాచింది లేదు పాపా. నేను నిజమే చెప్పినా."

"ఏంది నిజం?"

"ప్లస్ టూనే."

అమ్మ అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఒలుస్తూనే ఉంది.

ఆయన చెప్పింది ఇంతే. ఇక్కడే సర్కారు కాలేజీలో మూడేళ్ళు చదివాడు. ఆఖరి పరీక్షలు రాశాడు. రిజల్ట్ రాకముందే పెళ్లి కుదిరింది. ఆ ముహూర్తం తప్పితే, పెళ్ళిళ్ళు చేయని ఆడి నెల దాటేదాకా మళ్ళీ లేదు. పత్రిక వేసే ప్రెస్సులో "పెండ్లికొడుకు పేరు వెనకాల ఏం వేయమంటారు?" అని అడిగారు. మా మామ, అంటే అమ్మ వాళ్ళ అన్న, "బీకాం వెయ్యప్పా" అన్నాడు. వేశారు. పెళ్లయిన పదిహేను రోజులకు రిజల్ట్ వచ్చింది. ఒక పేపరు పోయింది.

"అక్టోబర్లో రాసి పాసయిపోతే యెవురికీ చెప్పే పని ఉండదనుకున్నా," అన్నాడు నాయన. "అక్టోబర్లో కొట్లో దీపావళి లోడు. సరి, ఏప్రిల్లో రాస్తాం అనుకుంటే, ఏప్రిల్లో నువ్వు."

"నేనేం చేసినా?"

"పుట్టినావు."

నా మీద అప్పటిదాకా పడిన నిందల్లో ఇది కొత్తది.

"దాని తర్వాత యెవురూ అడగలేదు. పిలస్తా ఉండారు, పలకతా ఉండా," అన్నాడు. ఫోన్ నాకు తిరిగి ఇచ్చాడు.

నేను అమ్మ వైపు చూశాను. టీవీలో అయితే ఈ పాటికి మూడుసార్లు ముఖం చూపించేవాళ్ళు. అమ్మ గిన్నెలోంచి ఒక పురుగు కాయ ఏరి పారేసి, ఒకటే అడిగింది.

"మా అన్నకు యెవురు చెప్తారు?"

మా ఇంట్లో కోపం వస్తే గిన్నెలు చప్పుడు చేస్తాయి. ఆ రోజు గిన్నెలు కూడా మామూలుగానే ఉన్నాయి. ముగ్గురం అన్నం తిన్నాం. చిక్కుడుకాయ కూర బాగుందని గుర్తుంది. నాకేం అనిపించిందో గుర్తు లేదు, బహుశా ఏమీ అనిపించలేదేమో.

మర్నాడు నాయన తన పాత మార్కుల షీటు తీసుకుని నాతో వీఏఓ ఆఫీసుకు వచ్చాడు. ఇన్నేళ్ళు ఎక్కడ పెట్టాడో, ఒక్క మడత లేదు. వీఏఓ షీటు చూశాడు, నాయనను చూశాడు, ఫోన్లో రాయిని చూశాడు.

"డిగ్రీ ఉందని నిరూపించడానికి రోజూ వస్తారు సార్. లేదని నిరూపించడానికి వచ్చింది మీరే మొదలు."

"అందులోనూ ముదల్ పట్టదారే సార్," అన్నాను. నాయన నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను.

వీఏఓ చెడ్డవాడు కాదు. మార్కుల షీటు సరే, ఆ తర్వాత పాస్ కాలేదని నమ్మకం ఏమిటన్నాడు. రెండు వైపుల నుంచి ఒక్కొక్క పెద్దమనిషి రాసి సంతకం పెట్టాలి, తండ్రి తరపున ఒకరు, తల్లి తరపున ఒకరు. "ఆ రాయి కూడా తీసేయండి సార్. రేపు పైనుంచి ఎవరైనా వచ్చి చూస్తే నా చదువు మీద అనుమానం వస్తుంది."

తండ్రి తరపున చిన్నాయన సంతకం బస్టాండులో ఒక కాపీ తాగేలోపల అయిపోయింది. తల్లి తరపున ఉన్నది మామ ఒక్కడే.

మామది ఒడుగత్తూరు. కొండ కింద బోరు పెట్టి వేరుశనగ వేస్తాడు, కొంచెం మామిడి తోట ఉంది. చదువు మూడో తరగతి. ఆలంగాయంలో పదెకరాలున్న సంబంధం వస్తే కాదని చెల్లెల్ని బీకాం కుర్రాడికిచ్చానని ఇప్పటికీ ప్రతి పెళ్లిలో పక్క ఆకు వాళ్ళకు చెబుతాడు. ఆ నల్లరాయి మా గృహప్రవేశానికి ఆయన చదివించిందే. గోడ లేవకముందే వేలూరులో చెక్కించి, బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చాడట. నాయనను ఆయన ఎన్నడూ ఉత్త బావా అనలేదు. బీకాం బావా అంటాడు.

పళ్ళికొండలో బస్సు మారాము. నాయన తెల్ల చొక్కా వేసుకున్నాడు. సంచిలో మామ సంతకం పెట్టవలసిన కాగితం ఉంది. అది రాసిందీ నాయనే. 'నా చెల్లెలి భర్త డిగ్రీ పూర్తి చేయలేదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.' వీధిలో అందరికీ రాసినట్టే రాశాడు. మార్జిన్ వదిలి, అచ్చులా.

మేం వెళ్ళేసరికి మామ వాకిట్లో శనక్కాయలు ఆరబోస్తున్నాడు.

"రా రా బీకాం బావా! యేంది చెప్పకుండా వచ్చేసినారు? పాపకు సీటు వస్తాదంట కదా, చెల్లి చెప్పినాది. ఏమ్మే, కాపీ పెట్టు, బీకాం బావ వచ్చినాడు!"

నాయన కూర్చోకుండానే కాగితం ఇచ్చాడు. మామ తమిళం కూడబలుక్కుని చదువుతాడు. ఆయన చదవడం అయ్యేలోపల కోళ్ళు రెండుసార్లు కాయల మీదికి వచ్చాయి. రెండుసార్లూ నేనే తోలాను. ఆ వాకిట్లో పని ఉన్నది నాకొక్కదానికే.

"ఇది యెవురి గురించి?" అన్నాడు మామ.

"నా గురించే."

మామ మళ్ళీ చదివాడు. ఉన్నట్టుండి ముఖమంతా నవ్వు పాకింది. "ఓహో! సర్టిఫికెట్ కోసమా? సర్కారుకు టోపీయా? అట్ల చెప్పప్పా! నేనేందో అనుకుంటి. యాడ పెట్టాల సంతకం?"

నాకు ప్రాణం లేచి వచ్చింది. మామ అబద్ధం అనుకుంటూ నిజానికి సంతకం పెడతాడు. మేం కాపీ తాగి మూడింటి బస్సు పట్టుకుంటాం. నాయన నోరు తెరవకపోతే చాలు. అది ఆయనకు నా వయసంత అనుభవం ఉన్న పనే.

"టోపీ కాదు బావా," అన్నాడు నాయన. "నేను పాస్ కాలేదు. ఒక పేపరు పోయినాది. పెండ్లయినాక తెలిసినాది. నీకు చెప్పలేదు."

పెన్ను మామ చేతిలోనే ఉంది. ఇక ఆలంగాయం పదెకరాలు వస్తాయని నేను ఎదురుచూశాను. సంతకం రాదని, ఏడింటి వ్యాను వస్తుందని కూడా అనుకున్నాను. కిటికీ పక్క సీటు ఎండ వైపా నీడ వైపా అని ఆలోచించాను. అది నాకు బాగా గుర్తుంది.

"ఒకటేనా?" అన్నాడు మామ.

"ఒకటే."

"యే పేపరు?"

"ఆడిటింగ్."

మామకు ఆడిటింగ్ అంటే ఏమిటో తెలియదు. అయినా ఆ పేపరు కష్టమైనదేనని తనకూ తెలిసినట్టు తల ఊపాడు.

"చెల్లికి తెలుసునా?"

"మొన్న చెప్పినా."

"ఏమనింది?"

"మా అన్నకు యెవురు చెప్తారని అడిగినాది."

మామ కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు. ఆయన సంతకానికి చాలా సేపు పడుతుంది, ఒక్కో అక్షరం దగ్గర ఆగి వెనక్కి చూసుకుంటాడు. అత్త కాపీ తెచ్చింది. వాన గురించి, బోరు లోతు గురించి మాట్లాడుకున్నారు. వచ్చేటప్పుడు మామ నా చేతిలో మామిడికాయల సంచి పెట్టి, రోడ్డు దాకా వచ్చాడు.

"చూసి పొయ్యి రాండి బావా," అన్నాడు.

ఉత్త బావా.

బస్సులో నాయన పళ్ళికొండ దాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. అటు చూడటానికి కొబ్బరి చెట్లు తప్ప ఏమీ లేవు.

"కాయలు పులుపా తీపా నాయనా?" అన్నాను.

"కోసి చూడాల," అన్నాడు.

రాయి తీస్తే గోడ కూడా వచ్చేస్తుందన్నాడు మేస్త్రీ. ఒంటి ఇటుక గోడ, రాయి చుట్టూ కట్టింది. మా ఇంటిని ఇన్నాళ్ళు నాయన చదువే నిలబెట్టిందని ఆ విధంగా తెలిసింది. చివరికి తాపీతో బీకాం మీద మాత్రం సిమెంటు పూసి వెళ్ళాడు. పేరు ఉండిపోయింది, చుక్క కూడా ఉండిపోయింది. ఇప్పుడు దారిన పోయేవాళ్ళంతా ఆ చుక్క దగ్గర ఆగి, తర్వాత ఏముందా అని సిమెంటు వైపు చూస్తారు. అంతకుముందు ఎవరూ చూసేవాళ్ళు కాదు.

"అయ్యో, యేమాయ బీకాం? రాయి పగిలిందా?" అంది పూలక్క.

"కొంచెం," అన్నాడు నాయన.

వీఏఓ వచ్చి సిమెంటును ఫోటో తీసుకున్నాడు. గడువుకు ఒక రోజు ముందు సర్టిఫికెట్ వచ్చింది. వేలూరులో చేరిన రోజు కాలేజీ కౌంటర్లో ఇచ్చిన రసీదులో ట్యూషన్ ఫీజు ఎదురుగా సున్నా ఉంది. నాయన రసీదు మొత్తం చదివాడు. ఆ సున్నా దగ్గర ఆయన వేలు కాసేపు ఆగింది. "సరిగ్గా ఉండాది," అని నాకిచ్చాడు. సంతోషం వస్తుందేమోనని చూశాను. ఆకలి వచ్చింది. బస్టాండు పక్కన ఇడ్లీ తిన్నాం, ఆయన గుడియాత్తం బస్సెక్కాడు.

ఇప్పుడు నాకు రెండో సంవత్సరం అయిపోవస్తోంది. నేను రాస్తున్న ఈ తెలుగు అక్షరాలు హాస్టల్లో నా గదిలో ఉండే, సరిహద్దు ఊళ్ళో తెలుగు మీడియం చదివిన అమ్మాయి నేర్పింది. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, ఎవరికీ దాన్ని చదవడం రాదు. ఇంత ధైర్యంగా రాయడానికి అదే కారణం. మామ మాత్రం నన్ను ఇప్పటి నుంచే ఇంజనీరమ్మా అంటున్నాడు. రిజల్ట్ రాకముందే పేరు పెట్టేయడం ఆయనకు అలవాటు. నాయనను ఇప్పటికీ ఉత్త బావా అనే అంటాడు.

పోయిన శనివారం ఇంటికి వెళ్ళాను. అరుగు మీద నాయన, ఎదురుగా మా వీధిలో నూలు కొట్టు నడిపే ఒక అన్న కూర్చుని ఉన్నారు. పాత పేపర్లు మిగిలిపోయినవాళ్ళు మళ్ళీ రాసుకోవచ్చని యూనివర్సిటీ అవకాశం ఇచ్చిందట. ఆ అన్నకు రెండు మిగిలున్నాయి.

"రెండూ ఇంగ్లీషే పాపా," అన్నాడు నాతో. "పరవాలే, బీకాం ఉండాడు కదా, నేర్పిస్తాడు."

నాయన తల ఎత్తకుండా అన్న ఫారం నింపాడు, సంతకం ఎక్కడో చూపించాడు. అన్న వెళ్ళిపోయాడు. తప్పు పడితే పనికొస్తుందని తెచ్చిన రెండో ఫారం అరుగు మీదే ఉండిపోయింది.

"నాయనా, ఇంకొకటి ఉండాదే."

"ఉండాది."

"నీకు ఆడిటింగ్ ఒకటే కదా."

"నేను పాసయితే నీ సర్టిఫికెట్?"

దానికి జవాబు మాకు తెలియదు. చేరిన తర్వాత తండ్రి పాసయితే రాయితీ పోతుందో ఉంటుందో తాలూకా ఆఫీసులో అడిగితే చెబుతారు. కానీ అడిగితే వాళ్ళకు మేం గుర్తొస్తాం. అందుకని అడగలేదు. నేను పాసయ్యేదాకా ఆయన ఫెయిలై ఉండాలని ఎవరూ పైకి అనకుండానే ఇంట్లో తీర్మానమైపోయింది.

"ఇంకో రెండేండ్లే," అన్నాను. "నేను పేపర్లు పోగొట్టుకుంటే మూడు."

"పోగొట్టొద్దు," అన్నాడు. ఎప్పుడూ ఆలోచించి మాట్లాడే మనిషి, ఆ మాట మాత్రం వెంటనే అన్నాడు.

లోపలి నుంచి అమ్మ సరుకులు చెప్పడం మొదలుపెట్టింది. నాయన ఖాళీ ఫారం చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ మొదటి నుంచి చివరి వరకు చదివాడు. తర్వాత దాన్ని వెనక్కి తిప్పి పెన్ను మూత తీశాడు. చింతపండు, ఉద్దిపప్పు, సబ్బులు రెండు. పక్కన మార్జిన్ వదిలాడు.